నోనీ ఒడిలో నాలుగు అక్షరాలు

కిల్న్ లేన్ ఎక్కేవాళ్ళందరికీ ఒక అలవాటుంది. కొండ సగం ఎక్కాక, పాత మాల్ట్ గిడ్డంగి పక్కగోడ దగ్గర ఊపిరి పీల్చుకోవడానికన్నట్టు ఆగి, వేళ్ళ మెటికలతో గోడను రెండుసార్లు తడతారు. చేతుల్లో సంచులుంటే మోచేత్తో తడతారు. చంటిపిల్లల్ని బండిలో తోసుకొచ్చే తల్లులు ఆ చిన్నచేతిని పట్టుకుని దాంతో తట్టిస్తారు. కార్క్ నగరంలో ఇంకే వీధికీ ఈ అలవాటు లేదు. తట్టేచోట, నడుమెత్తు నుంచి చెయ్యందేంత ఎత్తుదాకా, నాలుగు ఇంగ్లీషు అక్షరాలుండేవి. డబ్ల్యూ, ఆర్, ఈ, ఎన్. రెన్ అని. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడిన స్ప్రే రంగు వానలకు నాని నాని తడిసిన పలకరంగుకు తిరిగింది.

రాసినవాడు మాసీ కాడొగన్. రెన్ అనే చిన్నపిట్ట పేరును గోడల మీద తన పేరుగా రాసుకునేవాడు. లీ నది వాణ్ణి మింగినప్పుడు వాడికి పందొమ్మిదేళ్ళు. వాణ్ణి పూడ్చిపెట్టి వస్తూ వాళ్ళమ్మ నోనీ ఆ గోడ దగ్గర ఆగింది. ఎవరింటి తలుపో తట్టినట్టు మెల్లగా తట్టింది. వెనకొచ్చేవాళ్ళు కూడా తట్టారు. అప్పట్నుంచి అంతే.

ఇప్పుడా గోడ ముందు డర్వ్లా టూహీ నిలబడి ఉంది. పక్కన ఎమెట్ స్వాంటన్. గిడ్డంగిని కొని కాలేజీ పిల్లలకు అద్దెగదులు కడుతున్న కంపెనీ తరఫు మనిషి. చినుకులు పడుతున్నా గొడుగు తెరవలేదు, మడిచిన గొడుగుతోనే గోడను చూపిస్తున్నాడు.

"పైనుంచి కిందిదాకా మీదే, మిస్ టూహీ. మా పెద్దలకు మీ పనంటే మోజు. ఆ బస్ డిపో దగ్గర వేశారే, డ్రైవర్ మొహాన్ని చర్చిలో దేవదూత మొహంలా? అలాంటిది కావాలి. క్లాసికల్‌గా. మీ ఇటలీ చదువు కనిపించాలి." గొడుగు చివర కిందికి దిగి నాలుగు అక్షరాల మీద ఆగింది. "చుట్టూ వేస్తారు చూడండి, ఆ వీధిగీతలు. అవి మాత్రం వద్దు. ఇవి కూడా పోవాలి."

"అది పేరు," అంది డర్వ్లా.

"ఏంటీ?"

"గీతలు కాదు. ఒక మనిషి పేరు."

"అయితే ఆ మనిషి తన గోడ మీద రాసుకోవాల్సింది." తన మాటకు తనే నవ్వుకున్నాడు స్వాంటన్. "చూడండి, మీరు ఒప్పుకోకపోయినా ఇబ్బంది లేదు. సోమవారం మనుషులొస్తారు, గోడంతా తెల్లరంగు కొట్టి పోతారు. బొమ్మ ఉంటే ఇంకా బాగుంటుందని నా ఆశ. అంతే."

డర్వ్లాకు చిన్నప్పట్నుంచి అదే జబ్బు. లోపల మాటలు వరస కట్టి నిలబడతాయి, గొంతు దగ్గరికొచ్చేసరికి ఒకదాన్నొకటి తోసుకుని అక్కడే ఇరుక్కుంటాయి. బళ్ళో హాజరు పలకడానికే చెవులు ఎర్రబడేవి. మాసీ, ఫాక్త్నా, తను ముగ్గురూ గోడల మీద రాస్తూ తిరిగిన రోజుల్లో ఎవరైనా పట్టుకుంటే మాసీ మాట్లాడేవాడు, ఫాక్త్నా పరిగెత్తేవాడు, ఆమె డబ్బాలు దాచేది. ఆ తర్వాత ఇటలీ వెళ్ళి, ఒక ముసలి గురువు దగ్గర ఆరేళ్ళు పాత చిత్రాలకు నకళ్ళు వేసింది. తిరిగొచ్చాక రెండు విద్యల్నీ ఒకే గోడ మీద కలిపింది. పేరొచ్చింది. గొంతు మాత్రం రాలేదు.

"వేస్తాను," అంది చివరికి.

"భేష్! ఇంకొకటి." స్వాంటన్ కారు డిక్కీ తెరిచి వెండిరంగు డబ్బాలు చూపించాడు. "పూర్తయ్యాక దీన్ని పైన రెండు పూతలు కొట్టించండి. జర్మనీ సరుకు. ఆ తర్వాత ఎవడొచ్చి ఏ రంగు పూసినా సరే, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. గోడకు అంటదు. ఇక ఈ వీధి కుర్రాళ్ళ ఆటలు సాగవు."

గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. డర్వ్లా గోడను తట్టబోయి ఆగింది. ఆ మాట ఒప్పుకున్న చేత్తో తట్టబుద్ధి కాలేదు.

*

"ఒప్పుకున్నావా?" అని లేచాడు ఫాక్త్నా. "ఒప్పుకుని వచ్చి ఇక్కడ కూర్చుని టీ తాగుతున్నావా?"

నోనీ వంటింట్లో ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడికి నిలబడే చోటు కూడా ఉండదు. ఫాక్త్నా ఇప్పుడు ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీ. ఆ కంపెనీ గదులకు లోపలి రంగులన్నీ వేస్తున్నది అతనే.

"ఒప్పుకోకపోతే తెల్లరంగు కొట్టేస్తారు. ఆ పని కూడా నీకే చెప్తారు," అంది డర్వ్లా.

"చెప్పమను. పోయినవాడి పేరు మీద రంగు వెయ్యకూడదు. మన గోడల మీద ఉన్న చట్టం అదొక్కటే. బతికున్నవాడి పేరు మీద నీకు దమ్ముంటే వేసుకో, వాడొచ్చి తంతే తన్నించుకో. పోయినవాడు వచ్చి తన్నలేడు. అందుకే వెయ్యకూడదు."

"తన్నడానికి నేను లేనా ఏంటి?" అంది నోనీ.

ఆమె అప్పుడే బజారు నుంచి వచ్చింది. తలరుమాలు కూడా విప్పలేదు. మార్కెట్లో బోటి, డ్రిషీన్ అమ్మే కొట్టు ఆమెది. గొర్రె నెత్తురు గట్టిపెట్టి చేసే ఆ డ్రిషీన్ ఇష్టమున్నవాళ్ళు ఊళ్ళో ఏటేటా తగ్గిపోతున్నారు. అయినా ఆమె నీలి చారల తెల్ల ఏప్రాన్ కట్టుకుని రోజూ పోతుంది. ఎండుద్రాక్షలు వేసిన బ్రాక్ రొట్టె కోసి, వెన్న దళసరిగా రాసి ఇద్దరి ముందూ పెట్టింది.

"సమాధి రాయి మీద కూడా వాడి పేరుందిగా," అంది డర్వ్లా. తనను తాను ఓదార్చుకోవడానికే అంది. నోట్లోంచి రాగానే సిగ్గేసింది.

నోనీ కోపగించుకోలేదు. "ఉంది. మైకేల్ జోసెఫ్ కాడొగన్ అని, బాప్తిస్మం పేరు ఉంది. రాతిపనివాడు చెక్కాడు, చక్కగానే చెక్కాడు పాపం. కానీ పిల్లా, అది వాడి గురించి ఇంకొకరు రాసింది. గోడ మీది ముక్క వాడు తన చేత్తో రాసుకున్నది. వాడి చెయ్యి ఈ లోకంలో ఇంకెక్కడుంది చెప్పు? చేతిరాత బాగాలేదని బళ్ళో రోజూ తిట్లు తినేవాడు. ఆ నాలుగక్షరాలు మాత్రం ఎంత బాగా రాశాడు."

నోనీ కెటిల్ దించి కప్పులు మళ్ళీ నింపింది.

"ఆ పిట్ట పేరే ఎందుకు పెట్టుకున్నాడో తెలుసా?" నోనీయే మళ్ళీ అందుకుంది. "మా నాన్న చెప్పిన కథ. పిట్టలన్నీ పందెం వేసుకున్నాయి, ఎవరు అందరికంటే ఎత్తు ఎగిరితే వాళ్ళే రాజని. గద్ద అందర్నీ దాటి పైకి పోయింది. ఇక రెక్క ఆడదు అనగానే, దాని ఈకల్లో దాక్కున్న ఈ రెన్ పిట్ట, గుప్పెడంత లేదు ముండ, బయటికొచ్చి ఇంకో మూరెడు ఎగిరి, రాజును నేనే అని కూసింది. మావాడు పొట్టిగా. ఆ కథంటే ప్రాణం."

డర్వ్లా చేతిలో రొట్టెముక్క గాల్లోనే ఆగిపోయింది.

"నోనీ," అంది, "నా బొమ్మకు నువ్వు కూర్చుంటావా?"

"నేనా?"

"బజారు ఏప్రాన్ కట్టుకుని. పెట్టె బోర్లించి దాని మీద."

నోనీ ఆమె మొహంలోకి చూసింది. ఈ అమ్మాయికి మాట ఆలస్యమని, బుర్ర మాత్రం ఆలస్యం కాదని ఆ వీధిలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

"కూర్చుంటా. కానీ నన్ను ఏడుపుగొట్టు మరియమాతలాగా కళ్ళు పైకెత్తించి వేశావంటే మాత్రం, బోటి కడిగిన నీళ్ళు నీ నెత్తిన పోస్తాను."

*

ఇటలీలో ముసలి గురువు మొదటి ఏడాదంతా ఒకే ఒక్క మాట నేర్పాడు. నీడను వెయ్యకూడదు, వదిలెయ్యాలి. పాత చిత్రకారులు ముందు గుడ్డంతా మట్టిరంగు పూసేవారు. వెలుగు పడినచోట రంగు మందంగా పెట్టేవారు. చీకటి ఉన్నచోట అడుగు మట్టిరంగును అలాగే వదిలేసేవారు. చూసేవాడు దాన్నే నీడ అనుకుంటాడు. కింద ఉన్నదే పైకి చీకటిగా కనబడుతుంది.

గోడ మీద అడుగురంగు అంటే ఏమిటి? ఆ గోడే. దాని నాచు, దాని మరకలు, మాసీ నాలుగక్షరాలు.

అక్షరాల్ని చెరపకుండా, వాటినే నీడలుగా వదిలేసి, వాటి చుట్టూ వెలుగు వేస్తే సరిపోతుంది. అనుకోవడానికి అంత తేలిక. వాటిని కాగితం మీదికి ఎత్తుకుని మొదటిసారి వేసినప్పుడు అక్షరాలు ఏప్రాన్ మీద అతికించిన బోర్డులాగా మిడిగుడ్లేసుకుని చూశాయి. చెరిపింది. అక్షరాల్ని కాదు, చుట్టూ వేసినదాన్ని. రెండోసారి మడతలు ఎంత అందంగా కుదిరాయంటే, అక్షరాలు మాయమైపోయాయి. మాసీని తనే పూడ్చినట్టనిపించి అది కూడా తుడిచేసింది.

తప్పెక్కడుందో పెరట్లో నోనీని కూర్చోబెట్టి బొగ్గుతో గీస్తున్నప్పుడు తెలిసింది. బట్ట ఎలా ముడుచుకుంటే అలా గీసి, అందులోకి అక్షరాన్ని ఇరికించాలని చూస్తోంది తను. అది కాదు. మాసీ రాసిందే మొదలు. నోనీ ఒళ్ళే దానికి ఒదగాలి.

"మోకాళ్ళు కాస్త దూరంగా పెట్టు నోనీ. ఇంకొంచెం. మధ్యలో బట్ట కిందికి జారాలి. ఆఁ, రెండు లోయలుగా. అది డబ్ల్యూ. ఇప్పుడు కుడికాలు ముందుకు చాపు, ఆర్ కాలు పొడుగ్గా లాగాడు వాడు."

"వాణ్ణి కన్నప్పుడు కూడా ఇంత కష్టపడలేదే," అంది నోనీ కాలు చాపుతూ. "మరి 'ఈ'కి ఏం చెయ్యమంటావు? దువ్వెన మింగనా?"

"చేతివేళ్ళతో ఏప్రాన్ పట్టుకో. మూడుచోట్ల ముడతలు పడాలి."

"ఎన్?"

"ఎన్ చివర తోక తిప్పాడు కదా. ఏప్రాన్ తాడు వదిలేస్తే చాలు, అదే వేలాడుతుంది."

నోనీ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. గడ్డం కింద చర్మం, భుజాలు, ఒడి అన్నీ కలిసి కదిలాయి. ఆ నవ్వు ఆగిపోయి మొహం మీద ఇంకా వెచ్చదనం మిగిలి ఉన్న క్షణం ఉంది చూశారా, డర్వ్లా బొగ్గు ఆ క్షణాన్ని పట్టుకుంది. ఏడవడం లేదు, నవ్వడం లేదు. ఇప్పుడు చెప్పు నీ సంగతేంటి అన్నట్టుంది ఆ చూపు.

ఇక వెనక్కి చూడలేదు. పరంజా కట్టి, కింది భాగానికి టార్పాలిన్ కప్పి పని మొదలుపెట్టింది. సన్నమూతి డబ్బాతో వెంట్రుకలు, వెడల్పు మూతితో వెనక చీకటి, ఆ చీకట్లో పాతరోజుల గోడరాతల తోకలు అక్కడక్కడ మినుకుమినుకుమంటూ. మొహం మీద మాత్రం కుంచెతో, పాతవాళ్ళలాగే, పల్చటి పొర మీద పల్చటి పొర.

టార్పాలిన్ వెనక ఏం జరుగుతోందో ముగ్గురికే తెలుసు. వీధికి తెలియదు. వీధికి తెలిసిందల్లా మాసీ పేరు కనబడటం లేదని, కంపెనీవాడు దాన్ని తుడిపెయ్యమన్నాడని, డర్వ్లా సరేనన్నదని. రొట్టెల కొట్టులో ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి.

"ఇటలీలో ముందు నేర్పేది అదేనట," అందొకామె ఒకరోజు, పక్కామెతో అంటున్నట్టు. "సొంతవాళ్ళ మొహాన రంగెలా పుయ్యాలో."

డర్వ్లా చెవులు ఎర్రబడ్డాయి. రొట్టె తీసుకుని బయటికొచ్చింది. చెప్తే నాలుగిళ్ళు దాటేలోపు స్వాంటన్ చెవిన పడుతుంది. చెప్పకపోతే ఇలా ఉంటుంది. అన్నిటికంటే కష్టం, కొండ మీద ఇంట్లో ఉండే ముసలి కాన్ హెఫర్నన్‌ను భరించడం. అతనెవర్నీ ఏమీ అనడు. కొండెక్కి వచ్చి, టార్పాలిన్‌ను చూసి, ఇనప పరంజా గొట్టాన్ని మెటికలతో రెండుసార్లు తట్టి, పైకి ఆమె వైపు ఒక్కసారి చూసి, వెళ్ళిపోయేవాడు. రోజూ.

ఆఖరున ఫాక్త్నా వెండి డబ్బాల్లోని రంగులేని పూత రెండుసార్లు కొట్టాడు. గోడంతా కడిగిన పళ్ళెంలా మెరిసింది.

"మంచి సరుకే," అన్నాడు, వేలితో నిమిరి చూస్తూ. "డర్వ్, ఈ పూత ఎవరి పక్షమంటావ్?"

"పూతకు పక్షమేంటి?"

"ఊరికే అడిగాలే," అని ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

*

తెర తీసిన రోజు ఎండ కాసింది. అదే ఒక వింత. స్వాంటన్ మడత బల్లలు వేయించి శాండ్‌విచ్‌లు, మంచుముక్కల బకెట్లో వైన్ సీసాలు పెట్టించాడు. నగరసభ సభ్యురాలొకామె వచ్చింది, ఫోటోలవాళ్ళొచ్చారు. కిల్న్ లేన్ జనం కూడా వచ్చి చేతులు కట్టుకుని గోడకు దూరంగా నిలబడ్డారు. శాండ్‌విచ్‌లను ఒక్కరూ ముట్టుకోలేదు.

నోనీ మంచి కోటు వేసుకొచ్చింది. కోటు కింద బజారు ఏప్రాన్ చారలు కనబడుతున్నాయి.

పరంజా విప్పాక గోడంతటికీ కప్పిన టార్పాలిన్ జారింది.

మూడంతస్తుల ఎత్తున నోనీ కూర్చుని ఉంది. పక్కనుంచి పడే వెలుగు ఆమె చెంపను, ముంజేతుల్ని, ఒళ్ళో తెల్లబట్టను పట్టుకుంది. మిగతాదంతా వెచ్చటి చీకటి. చర్చి గోడల మీద రాణులకూ పునీతులకూ మాత్రమే దక్కే వెలుగు అది. కూర్చున్నది చేపలపెట్టె మీద.

"ఓహ్," అంది నగరసభ సభ్యురాలు. నిజంగానే అంది.

"చూశారా?" స్వాంటన్ మొహం వెలిగిపోయింది. "ఒక్క పిచ్చిగీత లేదు! ఇదీ కళంటే. మిస్ టూహీ, అద్భుతం. ఆ ఒడిలో బట్ట చూడండి, ముట్టుకుంటే చేతికొచ్చేలా ఉంది."

రొట్టెల కొట్టులో మాట విసిరినామె పెదాలు బిగించి కింది భాగం వైపు చూస్తోంది. పేరు లేదు. మిగిలినదెంత బాగున్నా ఆమెకనవసరం.

ముసలి కాన్ హెఫర్నన్‌కు ఫోటోలతో, వైన్‌తో పనిలేదు. మందులు తెచ్చుకుని ఇంటికి పోతున్నాడు. జనంలోంచి దారి చేసుకుని, ఎప్పుడూ ఆగేచోటే ఆగి, కళ్ళు ఎత్తకుండానే మెటికలు ఎత్తాడు. టక్, టక్. తట్టి, అప్పుడు చూశాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. మెల్లగా వేలితో బట్ట మడత వెంట కిందికి, మీదికి, మళ్ళీ కిందికి, మీదికి వెళ్ళాడు.

"ఓరి దొంగసచ్చినోడా," అన్నాడు. ఎంతో ముద్దుగా అన్నాడు. "ఇక్కడే ఉన్నావట్రా."

ఒకసారి కనబడ్డాక ఇక కనబడకపోవడం ఉండదు. రొట్టెలకొట్టామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వరస కట్టారు. తట్టారు. చంటిపిల్లల చేత తట్టించారు.

"వీళ్ళంతా ఏంటి, ఒకేచోట కొడుతున్నారు?" స్వాంటన్ నవ్వబోయాడు. "ఇక్కడి ఆచారమా?"

"ఆచారమే," అంది నోనీ. "మావాణ్ణి పలకరిస్తున్నారు. మీరూ తట్టండి, పుణ్యం."

స్వాంటన్ ఆమె మొహం చూసి, గోడ మీద మొహం చూసి, ఒడి చూశాడు. రెండు లోయలు. చాచిన కాలు. వేళ్ళ కింద మూడు ముడతలు. తోక తిరిగిన తాడు. ఆయన మెడ మీద నుంచి ఎరుపు పైకెక్కడం అందరికీ కనబడింది.

"మిస్ టూహీ. చెరిపెయ్యమన్నాను."

"గీతలు కనబడకూడదన్నారు," అంది డర్వ్లా. "ఇంతసేపూ మీకు కనబడలేదు కదా."

జనంలో ఎవరో ఈల వేశారు. అది చాలు, స్వాంటన్‌కు మిగిలిన ఓపిక ఎగిరిపోయింది.

"ఫాక్త్నా! తెల్లరంగు తీసుకురా. ఆ నాలుగక్షరాలు పోవాలి, ఇప్పుడే."

ఫాక్త్నా లోపలికి వెళ్ళి రంగు పళ్ళెం, రోలర్ తెచ్చాడు. అతను రోలర్ పట్టుకుని గోడ దగ్గర వంగి చాలాసేపు చూశాడు. తల గోక్కున్నాడు.

"సార్, అక్షరం ఎక్కడితో అయిపోతుందో, అమ్మ ఒడి ఎక్కడ మొదలవుతుందో కాస్త సుద్దతో గీసివ్వండి. సరిగ్గా అక్కడే వేస్తాను. నాకా తేడా తెలియడం లేదు."

"అక్కడే! ఆ మడత!"

"మడతా? మడత తీసేస్తే ఆవిడకు మోకాలుండదు సార్. మోకాలు లేని మనిషిని మీ బ్రోషర్ మీద వేసుకుంటారా?"

"కాలు లేకపోయినా నోనీ నోరుంటే చాలు, వ్యాపారం నడుస్తుంది!" అని అరిచారెవరో. నవ్వులు.

"నువ్వు వెయ్యవన్నమాట."

"పోయినవాడి పేరు మీద వెయ్యను సార్." ఇప్పుడు ఫాక్త్నా గొంతులో వేళాకోళం లేదు. "నా చెయ్యి రాదు. రేపట్నుంచి పని లేదంటే లేదనండి."

స్వాంటన్ రోలర్ లాక్కున్నాడు. పళ్ళెంలో ముంచి, మంచి సూటు మీద చుక్కలు పడుతున్నా చూసుకోకుండా, డబ్ల్యూ మీదుగా, మోకాలి మీదుగా, అటునుంచి ఇటు ఒక్క గీత లాగాడు. తెల్లగా, తడితడిగా, బారెడు గీత. నోనీ ఒడిని ఎవరో కత్తితో కోసినట్టుంది.

డర్వ్లా గొంతు దగ్గర మాటలన్నీ వచ్చి తోసుకుంటున్నాయి. మాసీ ఉంటే మాట్లాడేవాడు. మాసీ లేడు. ఆ తెల్లగీత కింద ఉన్నాడు. గీత అంచు నుంచి తెల్లచుక్క ఒకటి జారింది. జారి ఆగలేదు, చారిక కూడా మిగల్చకుండా గాజు మీద నీళ్ళలాగా కిందికి పోయింది. అది చూసి డర్వ్లాకు ఫాక్త్నా అడిగిన మాట గుర్తొచ్చింది. పూత ఎవరి పక్షమంటావ్?

"నోనీ," అంది. "నీ ఏప్రాన్ తడుపు."

నోనీ ఎందుకని అడగలేదు. కోటు విప్పి ఫాక్త్నా చేతికిచ్చింది. బల్ల దగ్గరికెళ్ళి, ఏప్రాన్ విప్పి, వైన్ సీసాలున్న మంచునీళ్ళ బకెట్లో ముంచింది. గోడ దగ్గరికొచ్చి, కొట్టు బల్ల తుడిచినట్టు, ఇటునుంచి అటు ఒక్క తుడుపు తుడిచింది.

గీత గుడ్డకొచ్చేసింది. ఇంకో తుడుపు. మోకాలు, మడత, డబ్ల్యూ. కడిగిన మొహంలా తేటగా.

"జర్మనీ సరుకు," అంది డర్వ్లా. గొంతు వణికింది, కానీ ఆగలేదు. వీధి చివరిదాకా వినబడింది. "ఎవడు ఏ రంగు పూసినా తడిగుడ్డతో పోతుందన్నారు. మీరే తెచ్చిచ్చారు సార్, చాలా థాంక్స్."

అప్పుడు పేలింది వీధి. కొండ కింద బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తలెత్తి చూశారట. నగరసభ సభ్యురాలు వైన్ గ్లాసులోకి తలవంచుకుని భుజాలు కుదుపుకుంటోంది. ఫోటోలవాడు ఒక్కటీ వదలడం లేదు.

"సిమెంటు పూయిస్తాను," అన్నాడు స్వాంటన్. రోలర్ నుంచి తెల్లచుక్కలు ఆయన బూట్ల మీద పడుతున్నాయి. "గోడ మొత్తం పగలగొట్టి కొత్తది కట్టిస్తాను."

"కట్టించండి." డర్వ్లా ఒక అడుగు ముందుకేసింది. చెవులు ఎర్రబడ్డాయని ఆమెకు తెలుసు. ఎర్రబడనీ అనుకుంది. "కొత్తగోడ నున్నగా ఉంటుంది, వెయ్యడానికి ఇంకా హాయి. ఇప్పుడు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టాను. అప్పుడు నెత్తికెక్కిస్తాను. మీ కిటికీ ఎంత ఎత్తునుంటే అంత ఎత్తున. మాసీ కాడొగన్ అని పూర్తిపేరు, నీడలు లేకుండా, పట్టపగలు. పోలీసుల్ని పిలవండి, నా పేరు కూడా కింద రాసే పెడతాను."

"ఆ ఎత్తు మాసీకి సరిపోతుంది," అన్నాడు కాన్ హెఫర్నన్ ఎవరితోనూ కాకుండా. "ఇప్పుడు కాస్త జరుగు నాయనా, నాకు కొండెక్కాలి." స్వాంటన్‌ను మోచేత్తో పక్కకు నెట్టి, ఇంకా తడిగా ఉన్న గోడను మళ్ళీ తట్టి, మందుల సంచి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

డర్వ్లా గోడ దగ్గరికెళ్ళింది. ఇటలీ నుంచి వచ్చాక తట్టింది చాలాసార్లు, ఒప్పుకున్న రోజు నుంచి మాత్రం తట్టలేదు. మెటికలు ఆనించింది. టక్, టక్. జర్మనీ పూత చల్లగా తగిలింది.

పక్కన నోనీ రెండు చేతులతో ఏప్రాన్ పిండుతోంది. తెల్లనీళ్ళు రాళ్ళ సందుల్లోంచి వీధి కిందికి పారుతున్నాయి. పిండి, దులిపి, భుజాన వేసుకుని స్వాంటన్ వైపు తిరిగింది. సరిగ్గా గోడ మీదున్న చూపే.

"రేపు కూడా రండి మిస్టర్ స్వాంటన్. కాస్త పొద్దున్నే వస్తే మేలు. బజారుకు వెళ్ళేముందు తుడిచేసి పోతాను."